మగపిల్లవాడికేమవుతుంది?

సారంగధరుడి కథ తెలియని తెలుగు ఇల్లు ఒకప్పుడు ఉండేది కాదు. చేమకూర వేంకటకవి దాన్ని కావ్యంగా చేశాడు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకంగా రాశారు. 1957లో రామారావు, భానుమతి నటించిన సినిమా వచ్చింది. రాజమహేంద్రవరం వెళితే సారంగధర మెట్టను ఇప్పటికీ చూపిస్తారు. రాకుమారుడి పావురం ఎగిరివెళ్ళి సవతితల్లి చిత్రాంగి మేడమీద వాలడం, దాన్ని తెచ్చుకుందామని అతడు లోపలికి వెళ్ళడం, ఆమె చెయ్యి పట్టుకోవడం, అతడు విదిలించుకుని వచ్చేయడం, ఆమె రాజుతో నేరాలు చెప్పడం, రాజు కొడుకు కాళ్ళూ చేతులూ నరికించడం - ఇదీ కథ.

దీన్ని మనం చిత్రాంగి మోహం కథగానో, రాజుగారి తొందరపాటు కథగానో చెప్పుకుంటూ వచ్చాం. కుర్రవాడి వైపునుంచి ఒకసారి చూడండి. ఇంట్లో తనకంటె పెద్దరికమూ అధికారమూ ఉన్న మనిషి చేతిలో చిక్కాడు. ఎలాగో బయటపడ్డాడు. ఆపైన అతడి మాట నమ్మేవారు లేకపోయారు. శిక్ష కూడా అతడికే పడింది. కథ సంగతి అలా ఉంచుదాం. ఇవాళ మన వీధిలో ఒక కుర్రవాడికి ఇలాంటిది జరిగితే ఎవరి దగ్గరికి వెళతాడు? వెళ్ళి ఏ మాటలతో చెప్పుకుంటాడు?

ఆ మాటల దగ్గరే మొదటి చిక్కు వచ్చి పడుతుంది. మానభంగం అంటాం, శీలం పోయింది అంటాం. ఇవన్నీ ఆడవాళ్ళను మనసులో పెట్టుకుని పుట్టిన మాటలు. మగవాడి మానం అప్పులవాడు నడివీధిలో నిలదీస్తే పోతుంది గాని, మరోలా పోగలదని మన భాషకు తోచినట్టు లేదు. ఆడపిల్లను బస్సులో ఎవడైనా తాకితే "అల్లరి పెట్టాడు" అంటాం; నలుగురూ పోగై వాడికి దేహశుద్ధి చేస్తారు. అదే పని మగపిల్లవాడికి జరిగితే "ఆట పట్టించారు" అంటాం. పెళ్ళివారింట్లో పదేళ్ళ కుర్రవాడి నిక్కరు లాగి పెద్దమనుషులు పకపకా నవ్వుతారు. వాడు ఏడిస్తే "ఏమిట్రా, ఆడపిల్లలా!" అని మరి నాలుగు నవ్వులు నవ్వుతారు. మన సినిమాల్లో హాస్యగాడి మీద ఎవరైనా, ఆడగాని మగగాని, బలవంతంగా పడితే హాలంతా ఈలలు వేస్తుంది. కథానాయిక మీద పడితే అదే హాలు పళ్ళు కొరుకుతుంది. ఒకే పని, ఒకే టిక్కెట్టు, రెండు న్యాయాలు.

ఒక ఇల్లు ఊహించుకోండి. అది మీ పేటలోదే అనుకున్నా ఫరవాలేదు. ఏడో తరగతి చదివే అబ్బాయి సాయంకాలం లెక్కల ట్యూషనుకు వెళుతుంటాడు. రెండు నెలలు తిరిగేసరికి వెళ్ళనని మొరాయిస్తాడు. ఒకనాడు కడుపునొప్పి, ఒకనాడు తలనొప్పి. తల్లి బద్ధకం అనుకుంటుంది.

"అమ్మా, ఆ మాస్టారు నాకు నచ్చలేదే."

"నచ్చడమేమిట్రా? ఆయన దగ్గర చదివినవాళ్ళందరికీ మంచి మార్కులొచ్చాయి. నోరు మూసుకుని వెళ్ళు."

తండ్రి పేపరు దించి, "మా మాస్టారి దగ్గర నేనెన్ని బెత్తం దెబ్బలు తిన్నానో!" అని మళ్ళీ పేపరు ఎత్తుతాడు. వత్తులు చేసుకుంటున్న బామ్మ కోడలివైపు తిరిగి, "మగపిల్లవాడు, వాడికేమవుతుందే? చంటిదాన్ని మాత్రం పొద్దుపోయాక ఒంటరిగా పంపకు" అంటుంది.

ఆ బామ్మను తప్పుపట్టేవాళ్ళుంటారు గాని, నిజానికి ఆవిడకు లోకం బాగా తెలుసు. పొద్దుపోయాక పిల్లను పంపకూడదనీ, పరాయివాళ్ళ ఇంట్లో ఒంటరిగా వదలకూడదనీ, ఫలానా బంధువు మరీ దగ్గరగా కూర్చుంటున్నాడనీ ఆవిడ కన్ను కనిపెడుతూనే ఉంటుంది. అంత జాగ్రత్త ఉన్న ఇంట్లో కూడా ఆ జాగ్రత్త ఒక్క బిడ్డకే. ఆ పిల్లవాడికి తోడు ఎవరూ లేరు. ఎవరూ లేరన్న సంగతి వాడిమీద కన్ను వేసినవాడికి అందరికంటె ముందు తెలుసు.

ఇదంతా కల్పన అని కొట్టిపారేయడానికి వీల్లేదు. కేంద్ర ప్రభుత్వపు మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ఒక అధ్యయనం ప్రచురించింది. 13 రాష్ట్రాలలో 5 నుంచి 18 ఏళ్ళలోపు పిల్లలు 12,447 మందిని అడిగి తెలుసుకున్నారు. బడిలో ఉన్నవాళ్ళు, బడికి వెళ్ళకుండా ఇంటిపట్టున ఉన్నవాళ్ళు, పనిలో ఉన్నవాళ్ళు, వీధుల్లో బ్రతికేవాళ్ళు, సంస్థల్లో పెరిగేవాళ్ళు - అందరూ అందులో ఉన్నారు. కనుక అది ఇంటింటి జనాభా లెక్కవంటిది కాదు. అయినా అందులో తేలినది చూడండి. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపుకు గురైనామని చెప్పినవారు నూటికి 53.22 మంది. వారిలో మగపిల్లలు 52.94 శాతం. అంటే సగం పైమాటే. తీవ్రమైన అఘాయిత్యాలకు గురైనవారిని మాత్రమే విడిగా లెక్కకడితే మగపిల్లల వంతు 57.30 శాతానికి పెరిగింది. ఈ బాధ మగపిల్లల్లోనూ ఆడపిల్లల్లోనూ అందరికంటె ఎక్కువగా కనిపించిన నాలుగు రాష్ట్రాలలో ఒకటి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. మిగిలినవి అస్సాం, బీహారు, ఢిల్లీ.

చేసినవాళ్ళలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్ళు, పిల్లలు నమ్మి దగ్గరికి వెళ్ళేవాళ్ళు. పిల్లల్లో ఎక్కువమంది ఎవరితోనూ చెప్పుకోలేదని కూడా ఆ నివేదికలో ఉంది. అంకెలన్నిటిలోకీ నన్ను ఎక్కువ కలతపెట్టినది ఇదే.

ఎందుకు చెప్పరు? చెబితే వచ్చే జవాబులు వాళ్ళకు ముందే తెలుసు కనుక. "నువ్వెందుకు ఊరుకున్నావు? నీకు చేతుల్లేవా?" అనేది మొదటి జవాబు. "ఎవరితోనూ అనకు, నవ్వుతారు" అనేది రెండవది. ఈ మొదటి ప్రశ్న పైకి న్యాయంగానే కనిపిస్తుంది. మగవాడన్నాక తిరగబడాలి కదా! కాని భయం పట్టుకున్న శరీరం ఎప్పుడూ తిరగబడదు. ఒక్కొక్కప్పుడు పారిపోతుంది, ఒక్కొక్కప్పుడు కొయ్యబారిపోతుంది. పాము ఎదురుపడితే ఎంత బలశాలికైనా కాలు కదలని క్షణం ఒకటుంటుంది. ఇదీ అలాంటిదే. చేసినవాడు మాస్టారో, మేనమామో, ఉద్యోగం ఇచ్చిన యజమానో అయితే చేతుల్లో బలం ఉండి కూడా ఉపయోగం లేదు.

అమెరికాలో టెర్రీ క్రూస్ అనే నటుడున్నాడు. సినిమాల్లోకి రాకముందు అక్కడి ఫుట్‌బాల్ ఆటగాడు, కొండలాంటి మనిషి. 2016లో ఒక విందులో, భార్య పక్కన ఉండగానే, సినిమారంగంలో పలుకుబడి ఉన్న ఒక ఏజెంటు తనను అసభ్యంగా పట్టుకున్నాడని 2017లో లోకానికి చెప్పాడు. 2018 జూన్‌లో ఆ దేశపు సెనేట్ సభాసంఘం ముందు సాక్ష్యమిచ్చాడు. అక్కడా అదే ప్రశ్న వచ్చింది: అంత దేహమున్నవాడివి, ఎందుకు కొట్టలేదు? తనలాంటి నల్లజాతి మనిషి చెయ్యి చేసుకుంటే చివరికి జైలుకు వెళ్ళేది తానేనని అతడి జవాబు. విన్నవాళ్ళలో జాలిపడినవాళ్ళూ ఉన్నారు, పరిహాసం చేసినవాళ్ళూ ఉన్నారు. అంతటివాడికే ఆ గతి పడితే, మన ఏడో తరగతి కుర్రవాడి మాట చెప్పాలా?

ఇక్కడ కొంచెం నిర్మొహమాటంగా ఒక సంగతి చెప్పాలి. ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో ఇదేమిటని కొందరు నొచ్చుకోవచ్చు గాని, చెప్పకపోతే వచ్చే నష్టం ఎక్కువ. ఇష్టంలేని చేష్ట జరుగుతున్నప్పుడు కూడా మగవాడి శరీరం తనంత తాను స్పందించవచ్చు. చక్కిలిగింతలు పెడితే ఏడుస్తూ కూడా నవ్వినట్టు, అది మన చేతిలో ఉన్నది కాదు. అది ఒప్పుకోలూ కాదు, సరదా అంతకంటె కాదు. ఈ చిన్న సంగతి తెలియక, తనలోనే ఏదో తప్పుందని ఏళ్ళ తరబడి కుమిలిపోయే మగవాళ్ళున్నారు. "నీకూ ఇష్టమే కదురా" అని చేసినవాడు పిల్లవాడి నోరు నొక్కేది కూడా దీన్ని చూపించే.

చేసినది ఆడమనిషి అయితే మరీ చిత్రం. పదిహేనేళ్ళ కుర్రవాడు వచ్చి, పెద్దావిడ ఒకరు తనను ఇలా చేసిందని చెబితే, వినే స్నేహితులు "అదృష్టవంతుడివిరా!" అంటారు. అదే వయసు ఆడపిల్ల పెద్దవాడొకడి గురించి చెబితే ఎవరి నోటా ఆ మాట రాదు. ఇక చేసినది మగవాడైతే, పిల్లవాడే "అలాంటివాడు" అయిపోతాడని ఒక భయం. పెద్దయ్యాక వాడూ ఇతర పిల్లలను ఇలాగే చేస్తాడని ఇంకొక భయం. రెండూ పనికిమాలిన భయాలే. జరిగిన దుర్మార్గం పిల్లవాడి స్వభావాన్ని తిరగరాయదు. ఇటువంటి బాధ పడ్డవారిలో అత్యధికులు జీవితంలో ఎవరికీ హాని చేయరు. పెళ్ళి సంబంధాలు చెడిపోతాయని నోరు నొక్కేసే తల్లిదండ్రులు మాత్రం, వాడు ఆ గాయాన్ని పెళ్ళిపీటల దాకా మోసుకువెళ్ళేటట్టు చేస్తారు.

ఇక చట్టం సంగతి. ఇది కొంచెం చిక్కుముడి.

1860 నాటి ఇండియన్ పీనల్ కోడులో అత్యాచారం అంటే మగవాడు ఆడమనిషి మీద చేసేదే. మగవాడిమీద జరిగినదానికి మిగిలినది 377వ సెక్షను ఒక్కటే. "ప్రకృతి విరుద్ధమైన" పనులకు అందులో శిక్ష ఉండేది. బలవంతం చేసినా, ఇద్దరూ ఇష్టపడినా అదే నేరం. అంటే బాధితుడు స్టేషనుకు వెళ్ళి చెప్పుకుంటే, "నువ్వూ ఒప్పుకున్నావు కదా" అని ఎవరైనా అన్న మరుక్షణం అతడే ముద్దాయి అయ్యే ప్రమాదం. ఇక ఎవరు వెళతారు? 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, ఇష్టపడిన వయోజనుల విషయంలో ఆ సెక్షను చెల్లదని తీర్పు చెప్పింది. బలవంతం చేసినవాడికి శిక్ష మాత్రం అలాగే నిలిచింది. ఇది సబబైన తీర్పే.

ఈ మధ్యలో ఒక మంచి పని జరిగింది. 2012లో పోక్సో చట్టం వచ్చింది. 18 ఏళ్ళలోపు పిల్లల మీద లైంగిక నేరాలకు అది ప్రత్యేక చట్టం. అందులో "బిడ్డ" అని ఉంది, ఆడా మగా అని లేదు. చేసినవారు ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా నేరమే. బామ్మ చెప్పని మాటను చట్టం చెప్పింది: మగపిల్లవాడికీ అవుతుంది.

పెద్దవాళ్ళ మాట మాత్రం తేలలేదు. బాధితుడు ఎవరైనా అత్యాచారం అత్యాచారమేనని లా కమిషను 2000లో తన 172వ నివేదికలో సూచించింది. ఢిల్లీ ఘోరం తరువాత 2013 జనవరిలో జస్టిస్ వర్మ సంఘం కూడా మగ బాధితులను చేర్చమంది. ఫిబ్రవరి ఆర్డినెన్సులో ఆడా మగా తేడా లేకుండానే రాశారు. అయితే బాధితుల విషయంలోనే గాక నిందితుల విషయంలోనూ తేడా తీసేశారు. దానివల్ల, ఫిర్యాదు చేసిన ఆడమనిషి మీదే ఎదురుకేసు పెట్టడానికి దారి ఏర్పడుతుందని స్త్రీ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. మన ఠాణాల తీరు తెలిసినవారు ఆ భయాన్ని తీసిపారేయలేరు. పార్లమెంటులో చట్టమయ్యేసరికి పాత పద్ధతే తిరిగి వచ్చింది. నిందితుల సంగతి వేరు, బాధితుల సంగతి వేరు అని విడదీసి రాసి ఉంటే రెండు పక్షాలకూ న్యాయం జరిగేది. వర్మ సంఘం చెప్పినదీ అదే. ఎవరికీ అంత ఓపిక లేకపోయింది.

2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. 377ను పూర్తిగా వదిలేశారు. బలవంతం చేసినవాడిని శిక్షించే భాగమైనా ఉంచమని అంతకుముందే పార్లమెంటు స్థాయీ సంఘం చెప్పినా ఉంచలేదు. ఢిల్లీ హైకోర్టు ఈ లోటును ఎత్తిచూపి ప్రభుత్వాన్ని ప్రశ్నించింది. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు, చట్టం చెయ్యడం పార్లమెంటు పని, మేము చేర్చలేమంది. కొత్త స్మృతి వచ్చిననాటి స్థితి ఇదీ: పెద్ద మగవాడి మీద అఘాయిత్యం జరిగితే కొట్టారనో, నిర్బంధించారనో, బెదిరించారనో కేసు పెట్టాలి. జరిగిన అసలు నేరానికి సంహితలో పేరు లేదు. 2013 నాటి పనిచోట్ల వేధింపుల చట్టం కూడా "బాధిత మహిళ" అనే అంటుంది. విశ్వవిద్యాలయాలకు మాత్రం యు.జి.సి. 2015లో చేసిన నిబంధనల్లో మగ విద్యార్థులూ ఇటువంటి హింసకు లోను కావచ్చునని ఒప్పుకుంది.

ఇంగ్లండులో కూడా మగవాడి మీద అత్యాచారాన్ని ఆ పేరుతో చట్టం గుర్తించినది 1994లోనే. అమెరికా ఎఫ్.బి.ఐ. 1927 నుంచి స్త్రీలను మాత్రమే లెక్కలోకి తీసుకుని, 2012లో ఆ నిర్వచనం మార్చింది. లోకమంతా ఆలస్యంగానే కళ్ళు తెరిచిందన్నమాట.

పద్దెనిమిదో పుట్టినరోజు ఎంత పదునైన గీతో తెలియాలంటే జాదవ్‌పూర్ సంగతి చూడాలి. 2023 ఆగస్టులో కలకత్తాలోని ఆ విశ్వవిద్యాలయం హాస్టలులో మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు పై అంతస్తునుంచి పడి చనిపోయాడు. బట్టలు విప్పించి అవమానించారన్న ఆరోపణ వచ్చింది. కుర్రవాడికి 18 నిండలేదని తేలాక పోలీసులు కేసుకు పోక్సోను చేర్చారు. పక్కగదిలో కొన్ని నెలలు పెద్దవాడైన మరొక కుర్రవాడికి అదే జరిగితే ఆ చట్టం వర్తించదు. "ర్యాగింగు" అంటారు. ఆ మాట కూడా "ఆట పట్టించడం" లాంటిదే. ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగును నిషేధిస్తూ చట్టం చేశారు. అయినా హాస్టలుకు కొడుకును పంపే తండ్రి ఇప్పటికీ, "కాస్త ఓర్చుకోరా, అందరూ పడ్డదే" అని ధైర్యం చెప్పి రైలెక్కిస్తాడు.

మగవాళ్ళ బాధ గురించి మాట్లాడితే ఆడవాళ్ళ బాధను తక్కువ చేసినట్టు కాదా అని అడిగేవారున్నారు. ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలకు జ్వరం వస్తే ఒకరికి మందివ్వడం రెండోవారికి అన్యాయం కాదు. ఆడవాళ్ళు ఎవరైనా ఫిర్యాదు చేసినప్పుడల్లా "మరి మగవాళ్ళ సంగతేమిటి?" అని అడ్డుపడేవారు మాత్రం, మగపిల్లవాడు వచ్చి చెప్పుకుంటే అందరికంటె ముందు నవ్వేది వాళ్ళేనని నా అనుమానం.

ఇంట్లో చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. అక్కకు చెప్పిన జాగ్రత్తలు తమ్ముడికి కూడా చెప్పాలి. ఏ చోట ఎవరూ తాకకూడదో, తాకితే ఎవరితో చెప్పాలో ఇద్దరికీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి చెప్పవచ్చు. ఉన్నట్టుండి ఒక మనిషి దగ్గరికి వెళ్ళనని పిల్లవాడు పేచీ పెడుతుంటే, చదువు మాని నిద్రలో ఉలిక్కిపడుతుంటే, బెత్తం తీసే ముందు కారణం అడగాలి. చెప్పినప్పుడు వినాలి. "నీ తప్పేమీ లేదురా" అన్న మాట ముందు రావాలి. "ఎందుకు చెప్పలేదు?" అన్నది తరువాతైనా అడగవచ్చు, అసలు అడగకపోయినా నష్టం లేదు.

ఆపైన పోలీసుల మాట. పిల్లలమీద ఇటువంటి నేరం జరిగిందని తెలిసినవారు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో శాసిస్తుంది. పరువు కోసం దాచిపెడితే ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. బడి యజమాని తన కింద పనిచేసేవాడి నేరం దాచితే ఏడాది వరకు. 1098కి టెలిఫోను చేసినా సహాయం దొరుకుతుంది. ఆసుపత్రిలో చికిత్స వెంటనే, ఉచితంగా చెయ్యాలి. ప్రైవేటు ఆసుపత్రి అయినా సరే. వాంగ్మూలం కోసం పిల్లవాడిని ఠాణాకు ఈడ్చుకుపోనక్కరలేదు. ఇంటి దగ్గరే, లేదా వాడికి నచ్చిన చోట తీసుకోవచ్చు. వచ్చే అధికారి యూనిఫారంలో ఉండకూడదు. పిల్లవాడు నమ్మే పెద్దలు పక్కన ఉండవచ్చు. రాత్రిపూట ఏ కారణంతోనూ స్టేషనులో ఉంచకూడదు. చేసినవాడి ఎదుట వాడిని నిలబెట్టకూడదు. పేరు, ఫోటో, బడి పేరు ఏ పత్రికలోనూ రాకూడదు. ఇవన్నీ చట్టంలో రాసి ఉన్నవే. కాని రాసి ఉన్నాయని స్టేషనులో అందరూ గుర్తుంచుకోరు కనుక, వెళ్ళే తండ్రి తెలుసుకుని వెళ్ళి, ఒకటొకటిగా అడిగి చేయించుకోవలసి ఉంటుంది.